లోపలికి పీల్చిన అవును

టూవాను మొదటిసారి చూసిన రోజు మా ఇద్దరి మధ్య ఒక గాజు కిటికీ ఉంది. నా చేతిలో ఒక బటన్, మనసులో ఒక మోసం ఉన్నాయి.

మా లిల్‌ఫోర్స్ కలప కోత మిల్లుకి అయిదేళ్ళకోసారి వినికిడి పరీక్షల బస్సు వస్తుంది. బస్సు వెనక భాగంలో మందపాటి తలుపున్న చిన్న గది ఉంటుంది. లోపల కూర్చున్నవాడు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, శబ్దం వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కాలి. కిటికీకి అవతల కూర్చున్నవాళ్ళు శబ్దాలు పంపిస్తుంటారు. ఆ ఏప్రిల్‌లో అవతల కూర్చున్నది టూవా. ఎర్ర స్వెటర్, చెవి వెనక పెన్సిలు, ఎవరినీ తేలిగ్గా నమ్మని కళ్ళు.

నేను చిత్రిక మిషను మీద పనిచేస్తాను. పలకలు గరుకుగా వెళ్ళి నున్నగా బయటికొస్తాయి. బ్లేడు మొద్దుబారిందా లేదా అన్నది దాని మోతను బట్టి చెప్పగలిగేవాడు మిల్లు మొత్తం మీద నేనొక్కడినే. "ఈవార్ చెవి" అని మిల్లులో ఒక మాటే ఉంది. అలాంటి చెవి పరీక్షలో తప్పితే నా పరువేం కావాలి? అందుకే మోసం.

మోసం పెద్దదేం కాదు. టూవా వెనక షెల్ఫు మీద స్టీలు ఫ్లాస్కు ఉంది. అందులో ఆమె కుడిచెయ్యి కనపడుతోంది. వేలు కదిలినప్పుడల్లా నేను బటన్ నొక్కాను.

పరీక్ష అయ్యాక ఆమె తలుపు తీసి, కాగితం చూసుకుంటూ తలాడించింది.

"అద్భుతం. నువ్వు వినని శబ్దం లేదు. ఒక్కటే చిక్కు."

"ఏంటది?"

"చివరి పదకొండు సార్లూ నేనేమీ పంపలేదు. ఊరికే వేలు ఆడించాను. ఆ ఫ్లాస్కులో నా చెయ్యి చూస్తున్నావు కదూ?"

నేను నోరు విప్పలేదు. దొరికిపోయిన దొంగలా కూర్చున్నాను. ఆమె ముఖం మాత్రం ఎందుకో మెత్తబడింది.

"ఒప్పుకున్నావు, సంతోషం. మిగతావాళ్ళయితే ఈపాటికి గొడవకి దిగేవాళ్ళు."

నేనెప్పుడు ఒప్పుకున్నానో నాకర్థం కాలేదు. కానీ ఆ చివర వచ్చిన చిన్న నవ్వు బాగుంది. ఎదురు చెప్పబుద్ధి కాలేదు.

ఫ్లాస్కు తీసి బల్ల కింద పెట్టి మళ్ళీ పరీక్ష చేసింది. ఈసారి కాగితం మీది గీత మొదట బల్లపరుపుగా వెళ్ళి, చివర్లో స్కీయింగ్ కొండలా కిందికి జారిపోయింది.

"నీ వయసెంత?"

"ఇరవై ఎనిమిది."

"నీ చెవుల వయసు అరవై. ఎడమది ఇంకా పెద్దది. లావు శబ్దాలు బాగానే వింటున్నావు, సన్నవే పోయాయి. మిషను దగ్గర మోత ఆపడానికి పెట్టుకునే కప్పు, ఎడమ చెవిది తీసేస్తావా?"

"తీయకపోతే బ్లేడు మాట ఎలా వినపడుతుంది?"

"బ్లేడు మాట విన్నావు సరే. పైకప్పు మీద నీళ్ళ చప్పుడు వినపడుతోందా?"

"ఏ నీళ్ళు?"

"మంచు కరిగి నీ నెత్తి మీదే పడుతోంది. పొద్దుట్నుంచీ టప్‌టప్‌మంటూనే ఉంది."

నేను పైకి చూశాను. బస్సు కిటికీ బయట చుక్కలు వరసగా జారుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు. అది కొంచెం భయపెట్టింది, కానీ ఆమెకి చెప్పలేదు.

చెవిలోపల సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయని, పెద్ద మోతకి అవి పడుకుంటే మళ్ళీ లేవవని ఆమె చెప్పింది. సన్నటి శబ్దాలవే ముందు పోతాయట. పోయినట్టు మనిషికి తెలియదట. సగం మాటలు విని మిగతా సగం ఊహించుకుంటూ సాయంత్రానికి అలసిపోతాడట.

"నలుగురిలో కూర్చోవాలంటే చిరాకేస్తుందా?"

"నేను పుట్టుకతోనే చిరాకు మనిషిని."

"అందరూ అలాగే అనుకుంటారు," అంది. "ఆదివారం అంతా ఏ మోతా లేకుండా ఉండి, సోమవారం మళ్ళీ రా. చెవికి కాస్త విశ్రాంతి ఇచ్చి ఇంకోసారి చూద్దాం."

లేచి తలుపు దాకా వెళ్ళాను. అక్కడ ఆగి, ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, అడిగేశాను.

"శనివారం రెండింటికి చౌరస్తా బేకరీలో కాఫీ తాగుదామా?"

ఆమె తల వంచుకుని కాగితం మీద ఏదో రాసుకుంటోంది. జవాబు లేదు. మిషనులో ఒక పలక ఇటునుంచి అటు వెళ్ళేంత సేపు నిలబడ్డాను. తర్వాత టోపీ పెట్టుకుని దిగిపోయాను.

మిషను దగ్గర నాకు జోడీ స్టూరె. నలభై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు. మేమిద్దరం మాట్లాడుకుంటే నది అవతల ఆవులు తలెత్తి చూస్తాయి.

"ఏమందిరా ఆ పిల్ల?" అని అరిచాడు.

"ఏమీ అనలేదు."

"అనరు. మనవాళ్ళు అవుననడం మానేసి చాలా ఏళ్ళయింది."

అది మేమిద్దరం కలిసి తేల్చిన విషయం. మా దేశం ఉత్తరం వైపు అవునని చెప్పడానికి ఎవరూ మాట ఖర్చు పెట్టరు. పెదాలు సున్నాలా చుట్టి, వేడి కాఫీ జుర్రినట్టు గాలి లోపలికి పీలుస్తారు. ష్యూప్. అంతే. కళ్ళు ఆర్పినంత మామూలుగా చేస్తారు, చేస్తున్నట్టు వాళ్ళకే తెలియదు. దక్షిణాది వాళ్ళు మొదటిసారి వింటే ఈ మనిషికి ఊపిరాడటం లేదేమోనని కంగారుపడతారు. నా చిన్నప్పుడు ఊరంతా ఆ చప్పుడే. మూడేళ్ళ నుంచి మాత్రం ఒక్కరి నోటా వినలేదు. స్టూరె పదేళ్ళ నుంచి వినలేదన్నాడు. టీవీలో స్టాక్‌హోం వాళ్ళని చూసి చూసి మనవాళ్ళు ఆ అలవాటు వదిలేశారని మా ఇద్దరి అభిప్రాయం.

అలవాటు పోతే పోయింది. దాని బదులు "ఊఁ" అనైనా అనాలి కదా. అదీ లేదు. ఏదైనా అడిగితే నా ముఖం చూసి ఊరుకుంటారు. మా అమ్మతో సహా. ఊళ్ళో వాళ్ళకి నేనంటే పడదని నాకెప్పుడో అర్థమైంది. అడగడం మానుకున్నాను. సాయంత్రాలు ఇంట్లోనే ఉంటున్నాను.

ఆ శనివారం కూడా ఒంటరిగానే గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని చేపలు పట్టాను. రెండు పడ్డాయి.

సోమవారం వెళ్ళేసరికి కిటికీకి నల్లగుడ్డ కట్టి ఉంది. టూవా ముఖానికీ అలాంటిదే ఏదో కట్టి ఉంది. పరీక్ష అయింది. గీత మళ్ళీ అదే కొండ మీదినుంచి జారింది.

"వినికిడి మిషన్లు రెండు చెవులకీ రాస్తున్నాను. రావడానికి నాలుగు వారాలు పడుతుంది. ఇక కప్పులు తీయొద్దు. బ్లేడు సంగతి తెలియాలంటే మిషను చట్రం మీద అరచెయ్యి పెట్టి చూడు. మోత చేతికి కూడా తెలుస్తుంది." ఆగింది. "శనివారం ఎక్కడికెళ్ళావు?"

"చేపలకి."

"పడ్డాయా?"

"రెండు."

"మంచిది. నీకు రెండు చేపలు, నాకు రెండు కాఫీలు. ఒకటి నాది, ఒకటి నీది. మూడున్నర దాకా చూసి రెండూ నేనే తాగాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు."

"నువ్వు వస్తానని చెప్పలేదుగా."

"చెప్పాను."

"చెప్పలేదు. నేను నిలబడి చూస్తూనే ఉన్నాను."

"ఈవార్, నేను చెప్పాను. నీకు రావాలని లేకపోతే లేదను. నేను అబద్ధమాడానని మాత్రం అనకు."

"చెవిటివాడినని కాగితం రాసిచ్చావు కదా అని నన్ను పిచ్చివాడిని చేయకు."

ఆమె కాగితాలు మడిచి డ్రాయర్లో పెట్టింది. కాస్త గట్టిగానే మూసింది, అది నాకు వినపడింది.

"శుక్రవారం బస్సు వెళ్ళిపోతుంది. అదే రోజు మాల్మోలో ఉద్యోగానికి వస్తానో రానో చెప్పాలి. అంత దూరం వెళ్ళాలని నాకేం లేదు. ఇక్కడ ఉండటానికి కారణం ఏదైనా దొరికిందేమోనని శనివారం ఒకటిన్నర నుంచి రెండు దాకా అనుకున్నాను. ఇక నువ్వు వెళ్ళొచ్చు."

బస్సు దిగాక నాకు ఏడుపొచ్చింది. పనివాళ్ళు చూస్తున్నారని ముక్కు తుడుచుకుని లోపలికెళ్ళాను. ఒక మనిషి నాకోసం అరగంట ముందే వచ్చి కూర్చుంది. నేను చేపలు పట్టుకుంటున్నాను. ఆమె చెప్పిందో లేదో అన్నది అప్పుడిక ముఖ్యమనిపించలేదు. శుక్రవారం దాకా నాలుగు రోజులున్నాయి. ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు.

రెండు చెవులకీ కప్పులు పెట్టుకుని, మిషను చట్రం మీద అరచెయ్యి ఆనించాను. మంగళవారం మధ్యాహ్నానికి బ్లేడు మొద్దుబారడం చేతికి తెలిసింది. వణుకు మారింది. ఆ మాట చెప్పడానికి బస్సు దాకా వెళ్ళి, మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కొచ్చాను.

గురువారం మధ్యాహ్నం క్యాంటీన్లో బఠాణీ సూపు, పాన్‌కేకులు. క్యాంటీను మా అమ్మ గున్‌వోర్ది. ఆవిడకి భుజం నొప్పి, అందుకని గురువారాలు కాఫీ నేను పోస్తాను. మిషన్లన్నీ ఆపేశారు. మిల్లు నిశ్శబ్దంగా ఉంది. టూవా మూల బల్ల దగ్గర, నా వైపు చూడకుండా సూపు తాగుతోంది.

కెటిల్ పట్టుకుని బయల్దేరాను.

"కాఫీ కావాలా?" అని లారీ డ్రైవరు హెల్గెని అడిగాను. నా ముఖం చూసి ఊరుకున్నాడు. వద్దన్నమాట. ముందుకెళ్ళాను.

"కాఫీ?" పక్కవాడూ అంతే.

"కాఫీ?" ఆ పక్కవాడూ అంతే.

అలా పన్నెండు మందిని అడిగి, ఒక్కరికీ పోయకుండా, నిండు కెటిల్‌తో కౌంటరు దగ్గరికి తిరిగొచ్చాను. నా వెనక ఒక్కొక్కరే లేచి, నేను పెట్టిన కెటిల్ తీసుకుని, ఎవరి కప్పులో వాళ్ళు పోసుకున్నారు. ప్రతి గురువారం జరిగేదే.

టూవా చేతిలో చెంచా కిందపడింది.

"గున్‌వోర్, ఈయన ఎప్పుడూ ఇంతేనా?" అంది లేచి నిలబడి.

"మూడేళ్ళ నుంచీ ఇంతేనమ్మా," అంది మా అమ్మ. "అడుగుతాడు, కావాలంటాం, పోయకుండా వెళ్ళిపోతాడు. ఏం కోపమో. మేం అలవాటు పడిపోయాం."

"ఎవరు కావాలన్నారు?" అన్నాను నేను. "ఒక్కడైనా నోరు విప్పాడా?"

టూవా గబగబా నడిచొచ్చి నా భుజాలు పట్టుకుని గోడవైపు తిప్పింది. "అలాగే నిలబడు. కదలకు." తర్వాత అందరివైపు తిరిగినట్టుంది. "ఇప్పుడు నేనొక ప్రశ్న అడుగుతాను. అందరూ మామూలుగా జవాబు చెప్పండి. సూపు బాగుందా?"

నేను గోడ చూస్తూ నిలబడ్డాను. గోడ మీద మిల్లు క్యాలెండరు ఉంది. ఏ చప్పుడూ లేదు.

"ఏం విన్నావు?" అంది.

"ఏమీ లేదు. సూపు బాగాలేదేమో."

నన్ను గిర్రున వెనక్కి తిప్పి, "ఇంకోసారి," అంది వాళ్ళతో. "సూపు బాగుందా?"

పన్నెండు మంది గడ్డాల మనుషులు, ఒక్కసారిగా, పెదాలు సున్నాలా చుట్టారు. కౌంటరు వెనక మా అమ్మ కూడా. బుగ్గలు లోపలికి పోయాయి, కనుబొమలు పైకి లేచాయి. చప్పుడు లేకుండా. ఇన్నాళ్ళూ చప్పుడు కోసమే ఎదురుచూశాను గానీ, పెదాల వైపు ఎప్పుడూ చూడలేదు.

"అది వాళ్ళు మానలేదు," అంది టూవా. "ఆ గాలి చప్పుడంత సన్నటిది ఇంకోటి లేదు. నీ చెవిలో ముందు పోయింది అదే. నేనూ ఈ వైపు మనిషినే కదా ఈవార్, నేనూ అదే చేసుంటాను. చేసినట్టు నాకే తెలియలేదు. ఇదే నా ఉద్యోగం, అయినా నాకు తట్టలేదు."

నేను దగ్గరున్న కుర్చీలో కూర్చున్నాను.

"అమ్మా, మూడేళ్ళ క్రితం నేను నీతోపాటు ఇంట్లోనే ఉండిపోనా అని నిన్ను అడిగాను."

"అడిగావురా. ఉండమన్నాను కదా."

"అన్నావా?"

"అన్నాను. నువ్వే నా ముఖం చూసి, లేచి, సామాను సర్దుకుని నది అవతలికి వెళ్ళిపోయావు. పెద్దవాడివి, నీ ఇష్టమనుకున్నాను. రెండు రోజులు అన్నం సయించలేదు నాకు."

ఆవిడ ఆప్రాన్‌తో కళ్ళు తుడుచుకుంది. నేను లేచి వెళ్ళి ఆవిడని పట్టుకున్నాను. నాతో ఎవరికీ పడదని మూడేళ్ళు ఒక్కడినే కూర్చుని అన్నం తిన్నాను. మూడేళ్ళుగా వీళ్ళందరూ నాకు అవునంటూనే ఉన్నారు.

ఈలోగా స్టూరె అందరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. "ఏంటి? ఏమంటున్నారు?"

హెల్గె అతని చెవిలో అరిచి చెప్పాడు. స్టూరె ముఖం పాలిపోయింది. మెల్లగా లేచి కోటు వేసుకున్నాడు.

"ఎక్కడికి?" అని అరిచాను.

"ఇంటికి. ఎండ కోసం కానరీ దీవులకి వెళ్దామా అని మా ఆవిడ బార్బ్రోని పదేళ్ళుగా ప్రతి చలికాలం అడుగుతున్నాను. తనకి ఇష్టం లేదనుకుంటున్నాను." తలుపు దగ్గర ఆగాడు. "ఎన్ని సూట్‌కేసులు సర్ది విప్పిందో పాపం."

అందరూ నవ్వారు. టూవా కూడా కళ్ళనీళ్ళతో నవ్వింది. అంతలో భోజనాల గంట అయిపోయింది, మిషన్లు మొదలయ్యాయి. నేను చెప్పాలనుకున్నది చెప్పనేలేదు.

శుక్రవారం పొద్దున్న మిల్లు గేటు దగ్గర బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు. టూవా చివరి పెట్టె పెట్టి వెనక తలుపు మూస్తోంది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళాను.

"మాల్మోకి ఏం చెప్పావు?"

"ఇంకా చెప్పలేదు. పన్నెండు దాకా టైముంది. చెయ్యి పెడితే బ్లేడు సంగతి తెలిసిందా?"

"తెలిసింది. టూవా, విను. పిట్ట కూసినా నాకు వినపడదు, పైగా కోపిష్టినని పేరు. వినికిడి మిషన్లు వచ్చినా అన్నీ తిరిగి రావని నువ్వే చెప్పావు. అయినా అడుగుతున్నాను. ఫ్లాస్కులో నీ చెయ్యి చూసినప్పటి నుంచి నువ్వంటే నాకిష్టం. వెళ్ళకుండా ఉంటావా?"

ఆమె నా వైపు చూసింది. మాట లేదు. ఇంజను గడగడలాడుతోంది. పాత అలవాటు కొద్దీ నా చెయ్యి టోపీ మీదికి పోయింది.

ఆ టోపీని ఆమె తీసేసింది. మునివేళ్ళ మీద లేచి నా ఎడమ చెవికి, అంటే పాడైనదానికే, పెదాలు ఆనించింది. ఏ చప్పుడూ వినపడలేదు. చెవిలో చిన్న చల్లదనం మాత్రం తెలిసింది. నా చెవిలోంచి గాలి ఆమె లోపలికి వెళ్ళింది.

"వినపడిందా?"

"లేదు."

"మరి?"

"తగిలింది."

ఆమె అక్కడే ఫోను తీసి మాల్మోకి చేసింది. రావడం లేదని రెండు ముక్కల్లో చెప్పి పెట్టేసింది. తర్వాత వేలు నా ఛాతీ మీద ఆనించింది.

"బస్సు పని ఇంకా ఉంది, పక్క ఊరిదాకా వెళ్ళాలి. రేపు రెండింటికి బేకరీలో ఉంటాను. ఒక్కటే షరతు. మిషను దగ్గర ఆ కప్పులు ఇక జన్మలో తీయకూడదు. సరేనా?"

నేను ఆమెనే చూస్తూ నిలబడ్డాను. ఆమె పకపకా నవ్వింది.

"చూశావా, మళ్ళీ."

"ఏంటి మళ్ళీ? నేనేం అనలేదే."

"అన్నావు. మొదటి రోజూ అన్నావు. నా చెయ్యి చూస్తున్నావు కదూ అంటే, ఒక్క క్షణం ఆలోచించకుండా ష్యూప్‌మని ఒప్పుకున్నావు. మోసం చేసి, అడగ్గానే ఒప్పేసుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు. శనివారం నేను వచ్చింది అందుకే."

నేను నా పెదాలు తడుముకున్నాను. మళ్ళీ సున్నాలా చుట్టుకుని ఉన్నాయి. ఇన్నాళ్ళూ నేను కూడా అందరికీ అవునంటూనే ఉన్నానన్నమాట, నాకే వినపడలేదు.

ఆ తర్వాత ఆమెను ఎంతసేపు పట్టుకుని నిలబడ్డానో తెలియదు. డ్రైవరు నాలుగుసార్లు హారన్ కొట్టాడట. అది లావు శబ్దమే, మామూలుగా అయితే నాకు బాగా వినపడాలి.